రెండు గంటలు వెనక

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని
మొదట అన్నది నేనే.
పదకొండేళ్ళ పాత కంప్యూటర్. మీట నొక్కి
పొయ్యి మీద పాలు పెడితే
పాలు పొంగాక లేచేది విండోస్.
బోహుమిల్‌కి ఓపిక పోయింది.
నాకు మాత్రం అదే కావాలి,
నా కుట్టుమెషీన్‌లోని పువ్వులన్నీ దాని మాటే వింటాయి.

ఆయన అక్క కొడుకు ఓటకర్ వచ్చాడు,
జేబులో వేలెడంత పెన్‌డ్రైవ్‌తో.
"ముందు ఫోటోలన్నీ వేరే చోట దాచుకో అత్తా" అన్నాడు
ఏటికి వరదొస్తోందని చెప్పినట్టు.

తర్వాత డిస్కులో గట్టు జరిపాడు.
మా తాత కాలంలో గట్టు జానెడు జరిగితే తలలు పగిలేవి.
ఇక్కడ నీలం గీత ఒకటి పక్కకి నడిచింది, అంతే.
ఆ ఖాళీలో దిగింది లినక్స్.
దిగిన రాత్రి దానికి వైఫై దొరకలేదు;
వంటగది అడ్డంగా లాగిన తీగకి
నేను రెండుసార్లు తట్టుకున్నాను.

"విండోస్ నిద్ర నటిస్తుంది అత్తా,
ఆపేసినా ఒక కన్ను తెరిచే ఉంచుతుంది.
ఆ అలవాటు మాన్పించాలి."
బోహుమిల్ నావైపు చూడకుండా నవ్వాడు.

ఇప్పుడు మీట నొక్కితే
నల్లటి తెర మీద రెండు పేర్లు, పది క్షణాలు.
పైన ఆయనది, కింద నాది.
కింది బాణం నొక్కడం మరిచానా,
ఆయన గదిలో తేలతాను.

రెండూ ఒకేసారి మెలకువగా ఉండవట.
అందులో నాకు వింతేమీ కనిపించలేదు.
ఆయన రొట్టెల బట్టీకి బయల్దేరేది రాత్రి తొమ్మిదిన్నరకి.
నా ట్రామ్‌ని డిపోలో వదిలి
నాలుగంతస్తులెక్కేసరికి నాకు పదిన్నర.
తెల్లారి షాజీరా వాసనతో వచ్చి
నేను లేచిన వెచ్చదనంలో పడుకుంటాడు.

లినక్స్ నా వైపు రాగలదు,
చదవగలదు, రాసి పోగలదు.
విండోస్‌కి అవతల గది ఉందనే తెలీదు.
ఒకసారి నన్నే అడిగింది:
ఇక్కడేదో పనికిరాని జాగా ఉంది, ఫార్మాట్ చేయనా?
వేలు దాదాపు ఊఁ అనేసింది.
చలికాలమంతా ఆయనొక్కడే కూచుని టైపు చేసుకున్నదేదో
అందులోనే ఉంది. ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.
వద్దు అని నొక్కి
లేచి మంచినీళ్ళు తాగాను.

అందుకే మా చీటీ నా వైపే ఉంటుంది.
ఒకే ఫైలు. పేరు వంటగది.
*చారు కుండలో ఉంది. లిఫ్ట్ మళ్ళీ ఆగింది. నీ మోకాలు?*
దాని కింద నేను:
*మెట్లెక్కాను, అడగొద్దు. చెత్తబండి గురువారం.
నీ నీలం చొక్కా గుండీ కుట్టాను.*

వేసవి మొదట్లో గమనించాను.
గోడ మీద పదిన్నర.
తెర మూల ఎనిమిదిన్నర.
ఆయన చీటీ మీద తొమ్మిదీ ఇరవై,
ఇంకా రాని నిమిషంలో కూచుని రాసినట్టు.

ఓటకర్‌ని అడిగితే పకపకా నవ్వాడు.
లినక్స్ గ్రీనిచ్ కాలాన్ని దాచిపెట్టి పోతుందట,
విండోస్ దాన్నే ఓస్ట్రావా కాలమనుకుని నమ్మేస్తుందట.
"ఒక్క లైను చాలు అత్తా, ఇప్పుడే సరిచేస్తా."

ఇరవై రెండేళ్ళుగా ట్రామ్ నడుపుతున్నాను.
నిమిషం ఆలస్యమైతే కారణం రాసి సంతకం పెట్టే మనిషిని.
వద్దులే అన్నాను.

కాసేపటికి అదే ఇంటర్నెట్‌ని అడిగి తెలుసుకుని
సిగ్గుపడి ముందుకి దూకుతుంది.
అప్పటిదాకా నేను కోటు విప్పను, దీపం వేయను.
తెర వెలుగులోనే చారు తాగుతూ కూచుంటాను.
ఎనిమిదీ ముప్పై రెండు.
ఎనిమిదీ ముప్పై మూడు.
ఆ లెక్కన బోహుమిల్ ఇంకా బయల్దేరలేదు,
పక్కగదిలో ఎక్కడో
బూట్లు వెతుక్కుంటున్నాడు.