గేజు

ఢిల్లేసు ఫోను నా కౌంటరు మీద పెట్టి
ఊరికే నిలబడ్డాడు.
తెర మీద పచ్చటి టిక్కు.
"ఎల్లిపోనాయక్కా. సేరనేదు."

టెక్కలి పాత బస్టాండు పక్కన కొట్టు నాది.
ఛార్జర్లు, గాజు పలకలు, రీఛార్జీలు,
అప్పుడప్పుడూ ఇలా
నెత్తురు చుక్క లేని మొహాలు.

రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని
ఎవరి ఆటలోకో కోటగోడలూ ఎడ్లబళ్ళూ
ఇరుసు విరిగిన రథాలూ గీసిచ్చాడు.
రెండొందల పన్నెండు డాలరు నాణేలొచ్చాయి.
వేరేదానికి మార్చుకుందామని ఇంకోచోటికి పంపబోతే
ఏ నెట్‌వర్కని అడిగింది తెర.
మూడు పేర్లు, మూడు రుసుములు.
చవకది నొక్కాడు.
ఎవరు మాత్రం నొక్కరు?
పలాసకి పది రూపాయలు తగ్గిస్తానంటే
నేనైనా ఆ ఆటోయే ఎక్కుతాను.

"నాణెం పేరదే కదక్కా.
అడ్రస్సులో ఒక్కచ్చరం తేడా నేదు.
మరేటి తప్పు?"

మా నాన్న భుజం గుర్తొచ్చింది నాకు.

నౌపడలో అప్పట్లో రెండు రైళ్ళు కలిసేవి.
కలిసేవి అనడమే గానీ కలిసేవి కావు.
పెద్దబండిది మద్రాసు-హౌరా పట్టా.
చిన్నబండి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయేది,
రెండున్నర అడుగుల పట్టా మీద, ఆయాసపడుతూ.
ప్లాట్‌ఫారానికి ఈ పక్క ఇది, ఆ పక్క అది.
ఉప్పుమళ్ళ గాలి మాత్రం రెండింటికీ తగిలేది.

సనపల గవరయ్య, ఇత్తడి బిళ్ళ నంబరు పదిహేడు.
కొండల మీంచి దిగిన చింతపండు బస్తాని
చిన్న పెట్టెలోంచి పెద్ద పెట్టెలోకి
ఇరవై రెండు అంగల్లో మోసేవాడు.
బస్తా అదే. చీటీ మీద ఊరదే.
చక్రమే పట్టదు.
"తప్పు పట్టా మీద పెట్టిన పెట్టి
ఎక్కడికీ పోదే అమ్మీ," అనేవాడు
గోనె పీచు దులుపుకుంటూ.
"ఉంటాది. ఉన్నకాడే ఉంటాది.
అదే దాని రోగం."

ఢిల్లేసు డబ్బూ పోలేదు.
వెతికితే కనిపించింది, పైసలతో సహా.
ప్రపంచంలో ఎవడైనా చూడొచ్చు.
దించే చెయ్యే లేదు.
ఆ మార్పిడి కంపెనీకి రెండు వారాలు రాశాం.
మీ మనవి అందింది,
మీ మనవి అందింది,
ఒకరోజు దింపుడు కూలీ ఎంతో చెప్పారు:
బస్తా కంటే ఎక్కువ.

మళ్ళీ మార్గశిరంలో వచ్చాడు.
ఈసారి తెప్పలు గీశాడట, తుఫానులో.
తన ఫోనొకటి, నాదొకటి
కౌంటరు మీద పక్కపక్కన పడుకోబెట్టి
అటు పంపే నెట్‌వర్కు పేరు పైకి చదివాడు,
ఇటు తీసుకునే నెట్‌వర్కు పేరు నేను చదివాను,
ఇద్దరు స్టేషను మాస్టర్లలా,
అక్షరం అక్షరం.
ముందు ఐదే పంపాడు.
కరెంటు పోయింది.
టీ తెప్పించాను. తాగలేదు వాడు.
పదకొండు నిమిషాలకి
నా ఫోను కాదు, వాడే మోగినట్టు అదిరిపడ్డాడు.

మిగతావి పంపితే నాలుగు డాలర్లు కోశారు.
"ఏటక్కా ఇంత?"
"కూలీ," అన్నాను.

చిన్నపట్టా పీకేసి చాలా కాలమైంది.
ఇప్పుడు గుణుపురం బండి
నౌపడలో ఎవరి భుజమూ అడక్కుండా
తిన్నగా పోతుంది.
మొదటి బండి పోయిన రోజు
నాన్న చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళి చూసొచ్చాడు.
ఎలా ఉందని నేనడగలేదు.
చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

పదిహేడో నంబరు బిళ్ళ
నా సొరుగులోనే ఉంది,
సిమ్ములు తీసే సూదుల మధ్య.
చిల్లర వెతికినప్పుడల్లా
చేతికి తగులుతుంది.