మచ్చుకు ఒక చదరం

కొలిచేది నేను.
ప్లాస్టిక్ స్కేలు, రంగుల పట్టీ,
చర్మం ఎంత బిగిసిందో చెప్పే గడియారం లాంటి చిన్న పరికరం.
వాల్పరాయిసో ఆసుపత్రిలో మూడో అంతస్తు,
కిటికీలోంచి ఓడరేవు క్రేన్లు కనిపించే గది.
మంగళవారాలు యాస్నా వచ్చేది.

పదకొండేళ్ల కిందట కొండ దిగిన మంట
ఆమె ఎడమ చెవి కింద మొదలుపెట్టి
భుజం దాకా నడిచి ఆగింది.
"కుట్టుమిషను కోసం వెనక్కి వెళ్లాను, బుద్ధిలేక" అంది మొదటిరోజు.
కాసేపాగి,
"మిషను ఇప్పటికీ బాగానే కుడుతోంది" అంది.

అంగీకారపత్రం పంతొమ్మిది పేజీలు.
మచ్చ పలచబడవచ్చు. రంగు కలవవచ్చు.
వాపు రావచ్చు. మందం పెరగవచ్చు. ఏమీ జరక్కపోవచ్చు.
ఒక్కో 'వచ్చు' మీదా వేలు ఆనించి
గుడ్డలో పోగు తెగిందేమో వెతికినట్టు చదివి, తలెత్తి
"ఇన్ని వచ్చుల్లో ఒక్క 'వస్తుంది' లేదా?" అంది.
డాక్టర్ ఎచెవెర్రియా నవ్వలేదు.
"ఎలుకల్లో వచ్చింది" అన్నాడు.
"ఎలుకలకేం, వాటికి అద్దాలుండవు."
సంతకం పెట్టింది.

భుజం ఎముకకు కాస్త పైన
రెండు సెంటీమీటర్ల చదరం,
నాలుగు మూలలా నాలుగు ఊదా చుక్కలు.
మచ్చ మీద
మచ్చుకు.

వారానికో సూది, వారానికింత వెలుగు,
తరవాత నా ప్రశ్నలు.
దురద ఎంత, ఒకటి నుంచి పదిలో?
"మామూలుగా నాలుగు. ఉత్తరపు గాలి వీస్తే తొమ్మిది."
రంగు గురించి బాధ ఎంత?
"ఎవరికి? నాకా, బస్సులో ఎదురుసీటు వాళ్లకా?"
దానికి కాగితంలో గడి లేదు.
అంచున రాసుకుని, మళ్లీ కొట్టేశాను.

తొమ్మిదో వారం చదరం పొక్కి నీరు కారింది.
"కొత్త అతుకు పాత గుడ్డని లాగేస్తుంది,
మీ డాక్టరుకి ఎవరూ చెప్పలేదా?" అంది
నా చేతిలో దూది వంక చూస్తూ.
ఆమె తరవాతి వంతు ఎలియేసెర్‌ది, గడ్డం మీద చదరం,
ఇరవై రెండేళ్లవాడు.
వాడిది తగ్గలేదు సరికదా, రాయిలా లేచింది.
నేను కొలిచిన అంకె నాకే నచ్చక రెండోసారి కొలిచాను.
అదే అంకె.
వాడు మరి రాలేదు.
ఆ కాగితం కూడా ఇదే ఫైల్లో ఉంది.

పదిహేడో వారం, భూతద్దం కింద
మూడు నూగు వెంట్రుకలు.
వాటి పక్కన, మెరుస్తూ, ఏదో.
స్కేలు తీయడం మరిచిపోయాను.
"ఏముంది? చెప్పు. పాడైందా?"
"చెమట" అన్నాను.
మచ్చకి చెమట పట్టదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
ఆమె వేలితో అద్దుకుని
నాలిక చివర పెట్టుకుంది.
"ఉప్పగానే ఉంది" అంది, ఇంకెవరో తన మాట నమ్మట్లేదన్నట్టు.

మరో నెలకి కంపెనీ నుంచి ఉత్తరం, రెండే వాక్యాలు.
డబ్బు ఆగింది.
"మళ్లీ మొదలుకావచ్చు" అన్నాడు డాక్టరు,
ఆ చివరి ముక్క అనేశాక తనకే వినపడి కిందికి చూశాడు.

చివరి మంగళవారం కొలవడానికేం లేదు.
అయినా వచ్చింది, నా యూనిఫాం చిరుగు కుట్టి తెచ్చింది.
"పదకొండేళ్లు పెట్టి మచ్చిక చేసుకున్నాను దీన్ని.
రోజూ చూసి చూసి, చూడ్డం మానేశాను.
ఇప్పుడు ఆ చదరం పక్కన మిగతాదంతా
మళ్లీ నిన్న కాలినట్టుంది.
ఒక మెడతో వచ్చాను మీ దగ్గరికి,
రెండింటితో పోతున్నాను."
తిట్టిందో, చెప్పిందో.
ఒకటి నుంచి పదిలో అడిగే ధైర్యం లేకపోయింది.

జనవరి ఎండలో
కొండమెట్ల మీద కనిపించింది, నాకు ఇరవై మెట్లు పైన.
ఎప్పటిలాగే చెవి దాకా కాలరు, చేతిలో గుడ్డల మూట.
మూట దించింది. అటూ ఇటూ చూసి
పై గుండీలు రెండు విప్పింది.
నాలుగు మడతలు పెట్టిన రుమాలుతో
ఆ చదరాన్ని మాత్రం
మెల్లగా ఒత్తుకుంది.
పిలవలేదు నేను.