ఎడమ దవడ

ముందు అది కుడివైపు నమలడం మొదలెట్టింది.
నేను చూశాను. చూసి కూడా
వలకు ముడి వేసుకుంటూ కూర్చున్నాను.

లోఫోటెన్‌లో ఫిబ్రవరి.
సూర్యుడు తిరిగొచ్చి మూడు వారాలైంది గాని
ఇంకా చుట్టపుచూపే,
గుమ్మంలో నిలబడి, బూట్లైనా విప్పకుండా వెళ్ళిపోతాడు.
రేవు పొడుగునా కర్ర దండేల మీద
కాడ్ చేపలు జంటలు జంటలుగా వేలాడుతున్నాయి,
తలల్లేకుండా, తోకలు కట్టేసి.
గాలి వాటిని ఆరబెడుతోంది. నన్ను కూడా.

మా కుక్క పేరు స్కార్వ్. నీటికాకి అని అర్థం.
కూనగా ఉన్నప్పుడు, రాతిమీద రెక్కలారబెట్టుకునే పక్షిలా
ముందుకాళ్ళు వెడంగా చాపి నిలబడేదని
ఆస్లౌగ్ పెట్టిన పేరు.
ఆస్లౌగ్ పోయాక పేరుపెట్టి పిలిచే పని నాకొచ్చింది.
దాని ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టే పని మాత్రం
ఎవరికీ అప్పగించకుండానే వెళ్ళింది.

ఎండుచేప ముక్క విసిరితే
గాల్లోనే అందుకునేది.
ఇప్పుడు నేలమీద పడనిచ్చి, వాసన చూసి,
కాళ్ళ మధ్య పెట్టుకుని కాపలా కాస్తోంది.
తినదు, పిల్లిని తిననివ్వదు.
వయసు పైబడి పిసినారితనం పట్టుకుంది అనుకున్నా.
నీళ్ళ గిన్నెలో నాలుక ఒక్కసారి ముంచి తీసేసుకుంటోంది.
చలికాలం నీళ్ళు, చల్లగా ఉండవూ, అనుకున్నా.
ఎడమ చెవి వెనక గోకబోతే తల తిప్పేసుకుంది.
అలిగింది అనుకున్నా.
రెండోసారి గుర్రుమంది.
"నా ఇంట్లో నా మీదేనా!" అని అరిచాను.
అది తోక ఊపింది.
అక్కడే మోసపోయాను.
తోక ఊపే కుక్కకు నొప్పేమిటి అనుకునే రకం మనిషిని.

నలభై ఏళ్ళు సముద్రం ముఖం చదివాను.
నీటిరంగు నల్లబడకముందే,
పక్షులు ఒడ్డుకు మళ్ళకముందే
నా మోకాలికి తెలిసిపోయేది గాలివాన.
ఆ మోకాలికి మూరెడు దూరంలో
రాత్రంతా ఒక ప్రాణి
చోటు మార్చి, చోటు మార్చి, మళ్ళీ లేచి తిరుగుతుంటే
ఎలకల కోసమనుకుని దుప్పటి లాక్కున్నాను.

పక్కింటి యోస్టెయిన్‌కు పదకొండేళ్ళు.
బడి వదలగానే చేపల షెడ్డుకొచ్చి
ఇనుప మేకుకు కాడ్ తల గుచ్చి
కత్తి ఒక్క తిప్పు తిప్పి నాలుక కోస్తాడు.
మా దగ్గర అది పిల్లల పని, ఆ డబ్బూ పిల్లలదే.
సైకిలుకు ఇంకా ఎన్ని నాలుకలు తక్కువో
వాడికి నోటిలెక్క.

ఆ సాయంత్రం స్కార్వ్ పక్కన గొంతుక్కూర్చుని
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అన్నాడు,
"హల్వార్, దీని నోరు ఒకవైపే సరిగ్గా మూసుకుంటోంది.
చొంగ కూడా ఎడమవైపే కారుతోంది, చూడు."
రోజుకు ఐదొందల నోళ్ళు చూసే పిల్లాడు.
చచ్చిన నోళ్ళు చూసి చూసి
బతికున్న నోటి సంగతి పట్టేశాడు.

వాడు దాన్ని ముట్టుకోలేదు.
ఉప్పుచేతులు చొక్కాకు తుడుచుకుని
అరచెయ్యి నేలమీద పరిచి ఉంచాడు, అంతే.
అదే వచ్చి దవడ ఆనించింది.
కుడి దవడ.

డాక్టరమ్మ గురువారం పడవలో వచ్చింది.
మత్తిచ్చి, పెదవి ఎత్తి చూపించింది:
లోపలి పెద్ద పన్ను నిలువునా చీలి,
చిగురు నేరేడు రంగు తిరిగి ఉబ్బి ఉంది.
"ఇది ఈ వారంది కాదు" అంది, నావైపు చూడకుండా.
చూసి తిట్టినా బాగుండేది.
"అరవలేదు మరి" అన్నాను.
"అరవదు. గిన్నె దగ్గర కాస్త ఆగుతుంది.
అంతకంటే చెప్పదు."

పన్ను డబ్బీలో పెట్టిచ్చింది. ఎందుకో అడగలేదు.
గడియారం పక్కన ఉంది.
రెండు వారాలు ఉడికించిన చేప, ముళ్ళు తీసి
వేళ్ళతో మెదిపి పెట్టాను.
అది లేస్తే చూస్తాను, పడుకుంటే చూస్తాను,
ఏ కాలు ముందు వేసిందో చూస్తాను.
విసుగొచ్చి వీపు తిప్పి కూర్చుంటోంది.

నిన్న మొదటిసారి ఎండుచేప విసిరాను.
అందుకోలేదు.
నా గుండె జారింది.
అది పడిన ముక్కను చూసింది, నన్ను చూసింది,
యోస్టెయిన్ చేతిలో ఇంకా పెద్ద ముక్క చూసి
అటు నడిచింది.

ఏ వైపు నములుతోందో కనబడక
అరవై తొమ్మిదేళ్ళవాణ్ణి,
చెంప నేలకానించి పడుకున్నాను.