కాల్‌బాయ్ పుస్తకం

రాత్రి రెండుంబావుకి లాంతరు పట్టుకుని
బిట్రగుంట రైల్వే కాలనీలో తలుపులు కొట్టడం నా ఉద్యోగం.
డ్రైవర్లని లేపాలి, పుస్తకంలో సంతకం తీసుకోవాలి,
ఇంకో తలుపుకి పోవాలి.
కాల్‌బాయ్ అనేవాళ్ళు. అప్పటికి నాకింకా మీసం రాలేదు.

గాడ్‌ఫ్రే దొర తలుపు మాత్రం కొట్టే పనుండేది కాదు.
శనివారం ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సుకి పాడొచ్చి
వాచిన పాదాలు చన్నీళ్ళ బక్కెట్లో పెట్టుకుని
మెట్ల మీదే కూర్చుని ఉండేది కూతురు ఎస్మీ.
"నాన్న లేచాడులే చెంచూ" అని
ఆయన సంతకం తనే గీకేసేది.

ఆ ఇన్‌స్టిట్యూట్ లోపలికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు.
పాటని మాత్రం బయటికి రాకుండా ఆపలేకపోయారు.
కిటికీ కింద బొగ్గుమసి మొహాల ఖలాసీలు,
గంపతో సహా శనక్కాయల మస్తానమ్మ.
గిటారు, గూడూరు పార్సిలాఫీసు గుమాస్తాది.
డ్రమ్ములు, కావలి బ్యాండుమేళం సుబ్బరాయుడివి.
పెళ్ళిలో కొట్టే దెబ్బే వాడు ఇక్కడా కొట్టేవాడు,
ఆమె దాన్ని మెడబట్టి ఇంకోవైపు తిప్పేది.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
మాట సగంలో గొంతు టక్కున విరిచి
ఒక ఎక్కిలి పెట్టేది చూడూ,
మా వీపుల మీద ఎవరో మంచుముక్క జార్చినట్టుండేది.
మస్తానమ్మ బుగ్గ నొక్కుకునేది:
"ఈ బిడ్డని ఎవురో తలుచుకుంటా ఉండారమ్మే."

అరవై రెండులో మద్రాసు పోయింది.
ట్రంకుపెట్టె ఎక్కించింది నేనే.
హోటల్లో రాత్రికి పాతిక రూపాయలు,
భోజనం వంటింటి గుమ్మం పక్కన.
ఒక రికార్డొచ్చింది. ఎస్మీ అంటే అమ్ముడుపోదన్నారంట,
దాని మీద మిస్ లోలా అని ఉంది.
నాకొకటి పోస్టులో పంపింది.
మా ఇంట్లో పాటల పెట్టె ఎక్కడిది?
ఆ నల్లటి మెరుపులో మొహం చూసుకుని
క్రాపు దువ్వుకునేవాణ్ణి.

తర్వాత సినిమాలు.
క్లబ్బు పాటలో పల్లవి ఒకరిది, చరణం ఒకరిది,
మధ్యలో నవ్వూ ఈలా ఎక్కిలీ ఎస్మమ్మవి.
ఎక్కిలికి పదిహేను రూపాయలు.
కావలి టాకీసులో నేల మీద కూర్చుని
"అది మా ఊరిపిల్ల" అన్నా చీకట్లో పక్కోడితో.
"ఆ ఎగిరేదా?"
"కాదు, ఆ యమ్మికి ఎక్కిలొచ్చింది చూడు, అది."
వాడు జరిగి దూరంగా కూర్చున్నాడు.

నాలుగేళ్ళకి ఆ ఎక్కిలి అందరికీ వచ్చేసింది.
ఆమెని పిలవడం మానేశారు.
కాలనీలో సగం ఇళ్ళు ఓడలెక్కి పోతుంటే
ఆమె ఎదురు ప్యాసింజరులో వచ్చి దిగింది, అదే ట్రంకుపెట్టెతో.
తండ్రి పోయాక గూడూరు జంక్షన్‌లో మైకు ముందు ఉద్యోగమిచ్చారు.
దయచేసి వినండి. రెండో నంబరు ప్లాట్‌ఫారం. గంటన్నర ఆలస్యం.
మూడు భాషల్లో, ఇస్త్రీ చేసిన గొంతుతో, పద్దెనిమిదేళ్ళు.

బిట్రగుంట షెడ్డులో చివరి ఇంజను నిప్పు దులిపేసిన రాత్రి
నేను గూడూరులోనే ఉన్నా, ఆరో బెంచీ మీద.
"విజయవాడ వెళ్ళు" అని, అక్కడ విరిచింది.
టక్కున.
టీ కుర్రాడు కెటిల్‌తో సహా ఆగిపోయాడు.
ఆమె తీరిగ్గా "ప్యాసింజరు" అని ముగించింది.

మెమో ఇచ్చారు: ప్రకటనలో అనవసరమైన శబ్దం.
ఆమె పూర్తిపేరు, తప్పుల్లేకుండా, టైపులో పడ్డ కాయితం
నాకు తెలిసి అదొక్కటే.
సంజాయిషీ ఒక్క మాటే రాసిచ్చింది,
పొలమారింది, అని.

నా దగ్గర ఒక పాత కాల్ పుస్తకం ఉంది.
చెదలు అంచులు తినేశాయి.
గాడ్‌ఫ్రే, గాడ్‌ఫ్రే, గాడ్‌ఫ్రే.
అన్నీ ఆమె చేత్తో రాసినవే.
కొన్నిచోట్ల సిరా అలికిపోయి ఉంది,
బక్కెట్లో నీళ్ళు.