సున్నా చూసుకోండి

సంతపేటలో సెల్వి పాతపేపర్ల అంగడి.
ఆటోలోంచి మూడు మూటలు దించినాను.
పదకొండేండ్ల జిల్లా పేజీలు.
మంచం కింద చోటు కావాలంది నా భార్య,
చెనక్కాయలు పోసుకోవాలంట.

"కిలో పదమూడు. తడుంటే పదకొండు"
తలెత్తకుండా చెప్పింది సెల్వి.
నేను రాసిన పేజీలకి వేరే రేటేమీ లేదు.
నా పేరు వాటిమీద ఎప్పుడూ లేదు కూడా,
"చిత్తూరు, మా ప్రతినిధి" అనే మూడు మాటల వెనక
కాపురముండేవాణ్ణి.
లైనుకింత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్ళు.
అందుకే ఎక్కడన్నా కల్వర్టు కూలితే
దానికి రాయేసిన ఏడాది నుంచీ మొదలుపెట్టేవాణ్ణి.

తూకానికి ముందే విడదీస్తుంది ఆమె.
ఈ కట్ట బోండాల బండికి,
ఈ కట్ట గాజులంగడికి.
రంగు పేజీలు నూనె పీల్చవు,
అవి మామిడికాయల గంపల్లోకి.

మధ్యలో ఒకే తేదీవి రెండు పేపర్లు బయటపడినాయి.
ఒకదాంట్లో జనసంద్రం.
ఇంకోదాంట్లో ఖాళీ కుర్చీలు.
అదే మైదానం, అదే సాయంత్రం.
నేనూ ఫకృద్దీనూ ఒకే బండిమీద పోయినాము ఆ సభకి,
పెట్రోలు చెరిసగం.
మైకు స్తంభానికి ఈ పక్క నేను, ఆ పక్క అతను.
ఫొటోలు పంపేసి తలా ఒక టీ తాగి
తిరిగొచ్చేటప్పుడు
వాళ్ళమ్మాయి లెక్కల పరీక్ష గురించి మాట్లాడుకున్నాము.
సెల్వి రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి
మోకాలితో అదిమి పురికొస కట్టింది.

సోమవారాలు చోటు మిగిలితే ఒక బాక్సు నింపేవాణ్ణి,
వినియోగదారులకి నాలుగు మంచి మాటలు.
ఓటీపీ అడిగితే చెప్పకండి, మేనేజరన్నా సరే.
ప్యాకెట్టు వెనక తేదీ చదవండి.
తూకమేసే ముందు కాటామీద సున్నా చూసుకోండి.
అచ్చుకాగితంలో చుట్టిన బజ్జీలు తినకండి.
ఈ చివరిది రాసిన రాత్రి
కలెక్టరాఫీసు ఎదురుగా నాలుగు మిరపకాయ బజ్జీలు తిని
వేళ్ళకంటిన అక్షరాల్ని ప్యాంటుకి తుడుచుకున్నాను.

జూన్ నెల కట్ట దగ్గర నా చెయ్యి ఆగింది.
"తోతాపురి టన్ను పన్నెండు వేలు: దిగొచ్చిన ఫ్యాక్టరీలు"
మీటింగులో ఎవరో అన్నమాట.
అన్నారు కదా అని రాసినాను.
తవణంపల్లె పక్కన మొగిలప్ప
మనవరాలి చేత అది చదివించుకుని
రెండు ట్రాక్టర్ల కాయ కోయించినాడు.
గేటు ముందర మూడు రాత్రిళ్ళు.
నాలుగోరోజు నాలుగు వేలన్నారు.
సగం కాయ నీవా గట్టున పారబోసి,
పేపరు మడిచి జేబులో పెట్టుకుని
నన్ను వెతుక్కుంటా వచ్చినాడు.
అరవలేదు.
"ఈ పన్నెండు యాడుండాది సామీ, వేలు పెట్టి చూపించు" అన్నాడు.
చూపించినాను.
కాసేపు నా వేలినే చూసి
ట్రాక్టరెక్కి పోయినాడు.

మరునాడు సవరణ వేసినారు,
రాశిఫలాల కింద మూడు లైన్లు.
నెలాఖరున
ఆ మూడు లైన్లకి కూడా కట్టి ఇచ్చినారు నాకు.

"ఇది దాచుకుంటావా సారూ?" అంది సెల్వి.
తల అడ్డంగా ఊపినాను.

కాటా ఎర్రంకెలు ఖాళీగా ఉన్నప్పుడే
రెండొందల గ్రాములు చూపిస్తా ఉన్నాయి.
తప్పు నా వైపు తూగుతా ఉంది.
మొదటి మూటకి ఊరకున్నాను.
రెండో మూటకీ.
మూడోది ఎత్తబోతా ఆమే చూసి
నాలిక్కరుచుకుని బటన్ నొక్కింది.
"ముందరివి రెండూ నీకే ఎక్కువ పడింటాయి. పోనీలే."

అక్షరాలు రావామెకి, అంకెలొచ్చు.
నాలుగొందల అరవై చేతిలో పెట్టి
లెక్కబెట్టుకోమంది.
నేను చూస్తా ఉండగానే
జూన్ నెల కట్టని
బోండాల బండి వైపు విసిరింది.