హవల్లీలో ఒక బిల్లు

సెల్లారు మెట్లు దిగితే మా కొట్టు.
ఏసీ నీళ్ళు పెయింటు డబ్బాలో పడుతుంటాయి,
అది నిండిందంటే మధ్యాహ్నమైనట్టు.

డాక్టర్ షుక్రీ సంచిలోంచి ఇటుకంత ల్యాప్‌టాప్ తీశాడు,
దాని పక్క చీలికలోంచి ఒక రేకు కార్డు.
చెవి మిషన్లు సరిచేసే కార్డట.
కొత్తవి వచ్చాయి గానీ
తొంభై దాటిన ఒకామె మిషను
ఈ కార్డు మాటే వింటుందట.
"బీసీ కార్డ్" అన్నాడాయన.

అరబ్బీలో 'ప' లేదు. నాకు తెలుసు.
మా అమ్మ పెంచలకోనకు మొక్కి పెట్టిన పేరు
నా సివిల్ ఐడీ మీద బెన్షలయ్య.

దీని పేర్లదీ అదే గొడవ.
మొదట ఆరక్షరాలు, పీసీఎంసీఐఏ,
నోరు తిరగక పీసీ కార్డన్నారు.
అంచుకు బంగారు పట్టీ తగిలించి కార్డ్‌బస్ అన్నారు,
అది పాత చీలికలో దూరదు,
పాతది మాత్రం కొత్తదాంట్లో సర్దుకుంటుంది.
ఆనక ఎక్స్‌ప్రెస్ కార్డు, ముప్ఫైనాలుగు, యాభైనాలుగు.
వెడల్పే పేరు,
మా వీసాలకు నంబరే పేరైనట్టు.

దూర్చాను. రెండు కూతలు.
మొదటిది పైకి, రెండోది కిందికి.
అంటే ఎవరో వచ్చారని తెలిసింది,
ఎవరో తెలియలేదు.
తెర మీద పసుప్పచ్చ ప్రశ్నార్థకం.
డ్రైవరు లేదు.

నవ్వొచ్చింది.
నా వీసా మీద వృత్తి: ఇంటి డ్రైవరు.
ఏడేళ్ళయింది స్టీరింగు ముట్టి.
కఫీలుకు ఏటా ఇచ్చేది ఇస్తూ
ఈ సెల్లార్లో మదర్‌బోర్డులు తుడుస్తుంటాను.
తనిఖీ వాళ్ళొస్తే పైనుంచి రెడ్డెప్ప
షట్టరు మీద రెండు దెబ్బలు కొడతాడు.

కార్డు మీది స్టిక్కరు వెలిసిపోయింది.
లోపల మాత్రం చేసినవాడు రాసి పెట్టిన అంకె ఉంటుంది,
నాలుగు, మళ్ళీ నాలుగు.
దాన్ని కాగితం మీద ఎక్కించుకుని
అర్ధరాత్రి దాకా అట్టపెట్టెల్లో సీడీలు గాలించాను.
కంపెనీ రెండుసార్లు అమ్ముడుపోయింది,
దొరికిన ఫైలు మూడో వాడి పేరు మీదుంది.
అయినా అంకె అదే.

పొద్దున దూర్చాను.
రెండు కూతలూ ఒకే ఎత్తున.
షుక్రీ కుర్చీలోంచి లేచి
ఆ ముసలామె కొడుక్కి ఫోను చేశాడు,
ఆమె చెవిలో చెప్పమన్నాడు, మళ్ళీ తనే నవ్వాడు.

"బిల్లులో ఏం రాయమంటారు?"
"చేసిందే రాయి."
రాశాను: డ్రైవరు, ఒకటి. మూడు దీనార్లు.
సంతకం 'ప' తోనే పెట్టాను.