పోయినేడు ఆఖరి ర్యాంకు

మద్దిలపాలెం డిపో వెనక సందులో నా షాపు.
రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
జెరాక్స్ మిషను మీద ఎండిన నిమ్మకాయ.
జూన్ నడిమధ్య నుంచీ
అందరూ ఒకే ప్రశ్న పట్టుకుని మెట్లెక్కుతారు:
"వస్తాదంటారా?"

ఏది, ఎక్కడ, ఏ బ్రాంచి అని నేనే అడగాలి.
ర్యాంకు కార్డు కౌంటరు మీద పెట్టి
అరచెయ్యి చాపినట్టు నిలబడతారు.

ఆ పరీక్ష నేనూ రాశాను, రెండుసార్లు.
ఎవరికీ చెప్పను.
పళ్ల డాక్టరుని
నీ పళ్లెలా ఉన్నాయని ఎవరడుగుతారు?

నా దగ్గరున్నదల్లా ఒక పొడుగు నోటుబుక్కు.
మూడేళ్ల ఆఖరి ర్యాంకులు, చేత్తో ఎక్కించినవి.
నీలం ఇంకైతే వచ్చేస్తుంది.
పెన్సిలైతే రావచ్చు.
ఎరుపు, ఇక మీ ఇష్టం.
వేళ్లన్నీ ఎరుపు మీదే ఆగుతాయి.

తాటిచెట్లపాలెం నుంచి ఒకాయన
కొడుకు ప్రాక్టీసు టెస్టులన్నీ కూడి, సగటు తీసి,
లామినేషన్ చేయించి తెచ్చాడు.
"ఇదండీ వాడి అసలు ర్యాంకు. ఆ రోజు జ్వరం."
జ్వరానికి గడి లేదండీ, అన్నాను.
అన్నందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

సీతమ్మధార అమ్మాయి, మంచి ర్యాంకే,
ముప్ఫై ఆప్షన్లూ ఎరుపే పెట్టింది.
"తక్కువవి పెడితే తక్కువదే ఇస్తారు కదంకుల్."
కాదమ్మా, మిషను పైనుంచి దిగుతూ వస్తుంది,
నీకందిన మొదటి మెట్టు మీద ఆగుతుంది.
కింద మెట్లే లేకపోతే
గాలిలో నిలబెట్టడం దానికి రాదు.
తలూపింది.
ఒక్కటీ మార్చలేదు.

నిన్న సాయంత్రం,
వేట నిషేధం ఎత్తేసిన వారం,
జాలారిపేట నుంచి చోడిపిల్లి ఎర్రయ్య వచ్చాడు.
వెనక కూతురు లీలావతి,
పాలిథిన్ సంచిలో రెండు మడతల కార్డు.
వరంగల్లో ఆమె అడిగిన బ్రాంచి
పోయినేడు ఈ ర్యాంకు రాకముందే మూసుకుంది,
అంతకుముందేడు దాటాక మూసుకుంది.
"పెన్సిలు," అన్నాను.
"అంటే ఏటి బాబూ?"
"పదిమందిలో నలుగురికి."
"ఆ నలుగుర్లో మా పిల్లుందా?"

నోటుబుక్కు మూశాను. మళ్లీ తెరిచాను.

చదవడం రాకపోయినా తెరకేసి చూస్తూ అన్నాడు:
"పోయినేడు కానాగంతలు ఎక్కడ పడ్డాయో మాకూ గురుతే.
ఈ యేడూ ఆడికే ఎల్తాం.
ఎల్లడం మానం.
ఆడే ఉంటాయని మాత్రం
ఇంటికాడ సెప్పి ఎల్లం."

సీటొచ్చాక మూడు గడులుంటాయి,
ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్.
నేను విడమరచబోతుంటే
లీలావతి తండ్రి చెవిలో "ఫ్లోట్ అంటే తేలడం" అంది.
ఎర్రయ్య అప్పుడు నవ్వాడు.
"అదైతే మనకొచ్చు."

ఎరుపు రెండు, పెన్సిలు తొమ్మిది, నీలం ఆరు.
వరస ఆమే చెప్పింది, నేను కొట్టాను.
మధ్యలో ఒకసారి కరెంటు పోయింది,
ఒక కళాసీ ఆధార్ జెరాక్స్ కోసం వచ్చి వెళ్లాడు.
మిట్ట మీది మన యూనివర్సిటీ కూడా వెయ్యమంది.
దానికి వేరే పరీక్ష, వేరే లిస్టు, అన్నాను.
"అయితే మీ బుక్కులో అన్నా రాయండి," అంది,
"మా మేడ మీంచి కనబడుతుందది."
రాశాను, నీలంతో.

డబ్బాలోంచి చిల్లర ఏరుతుంటే అడిగింది:
"మీదెంతండీ?"

పధ్నాలుగేళ్లుగా తెరిచి ఉన్న షాపులో
ఎవరూ అడగలేదు.
చెప్పాను.

నవ్వలేదు.
పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపింది,
ఆఖరి వరస దాటింది,
అంచు దాటింది,
కౌంటరు గాజు మీదుగా వచ్చి
నా టీ గ్లాసు పక్కన ఆపింది.
"ఇక్కడ," అంది.

ప్రింటరు అప్పుడే కదిలింది.
పదిహేడు ఆప్షన్లు, ఒకే కాగితం.
ఎర్రయ్య దాన్ని రెండు చేతుల్తో అందుకున్నాడు,
ఇంకా వేడిగా ఉంది.